పిల్లల చేత బోర్డు గేమ్ తయారు చేయించి వ్యాకరణం నేర్పడం ఎలా?

వైకుంఠపాళి పటం గీసి, నిచ్చెన మొదట్లో ‘సంధి విడదీయండి’ అని ఒక ప్రశ్న రాసి పిల్లల చేత ఆడించే తెలుగు టీచర్లు చాలామందే ఉన్నారు. పిల్లలు సరదాగానే ఆడతారు. కానీ ఆ ఆట వల్ల వ్యాకరణం బాగా వంటబట్టేది టీచరుకే. ఏ పదం పెట్టాలి, దేన్ని సరైన జవాబుగా ఒప్పుకోవాలి, ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వస్తే ఏం చేయాలి అని తలపట్టుకుని కూర్చున్నది ఆ టీచరే కదా. ఆ తలనొప్పిని పిల్లలకు అప్పగించడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి. ఆట వాళ్లే తయారు చేస్తారు, నియమాలు వాళ్లే రాస్తారు, తగాదా వస్తే తీర్పు కూడా వాళ్లే చెప్పుకుంటారు. మీరు పక్కన ఉంటారు.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఇది బాగా కుదురుతుంది. అంతకంటే చిన్నవాళ్లు ఆడగలరు కానీ నియమాలు రాయలేరు. తొమ్మిది, పదికి వచ్చేసరికి పరీక్షల టెన్షన్ మొదలవుతుంది. వారానికి రెండు పీరియడ్ల చొప్పున మూడు వారాలు కేటాయించగలిగితే చాలు. సిలబస్ వెనకబడుతుందని భయం ఉంటే, సంధుల పాఠానికి ఎలాగూ ఇచ్చే పీరియడ్లనే దీనికి ఇవ్వండి. విడిగా పాఠం చెప్పి, ఆ తర్వాత ఆట పెట్టాలనుకుంటే మాత్రం నిజంగానే వెనకబడతారు.

ముందుగా కావలసిన సామాను

కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. పాత శుభలేఖలు కార్డులకు పనికొస్తాయి. గట్టిగా ఉంటాయి, వెనక వైపు ఖాళీగా ఉంటుంది. పటానికి పాత క్యాలెండరు వెనక వైపు గానీ, కిరాణా కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టె గానీ సరిపోతుంది. కాయలుగా సీసా మూతలు తీసుకోండి. చింతగింజలు చిన్నవి, వాటి మీద పదం రాయడం కుదరదు. పాచికల బదులు గవ్వలు, అవి దొరక్కపోతే ఒక వైపు గరుకు నేల మీద తెల్లగా వచ్చేదాకా అరగదీసిన చింతపిక్కలు. ఈ అరగదీసే పని పిల్లలకు ఇంటిపనిగా ఇవ్వండి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే పిల్లలకు అష్టాచెమ్మా నియమాలు కూడా ఆ సాయంత్రమే తెలిసిపోతాయి.

మొదటి పీరియడ్: తెలిసిన ఆటను విప్పి చూడటం

వ్యాకరణం ఊసెత్తకండి. నేల మీద చాక్‌పీసుతో అయిదు వరుసలు, అయిదు నిలువు గళ్ల అష్టాచెమ్మా పటం గీయించి అరగంట ఆడనివ్వండి. నాలుగు గవ్వలు వేస్తారు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. కాయ బయటి గళ్లన్నీ చుట్టి, లోపలి గళ్లు చుట్టి, నడి గడిలో పండాలి. కొట్టు గుర్తు (×) ఉన్న గడిలో ఎవరి కాయనూ చంపకూడదు.

నాలుగైదు గ్రూపులు ఆడితే ఒక్కో గ్రూపులో ఒక్కో నియమం వినిపిస్తుంది. ఒక కాయనైనా చంపకుండా లోపలి చుట్టులోకి పోకూడదని ఒకరంటారు, మా ఇంట్లో అలా లేదని ఇంకొకరంటారు. ఈ గొడవ కావాలి. దాన్ని ఆపి, నల్లబల్ల మీద ఒక్క ప్రశ్న రాయండి: ‘ఈ ఆట అసలు తెలియనివాడికి కాగితం మీద రాసి నేర్పాలంటే ఏమేం రాయాలి?’ పిల్లలు చెప్పినవి రాసుకుంటూ పోతే పటం, కాయలు, కదలిక, చంపడం, పండడం, నిషేధం అనే ఆరు మాటలు వాటంతట అవే బయటకు వస్తాయి. మిగతా పీరియడ్లన్నిట్లోనూ ఈ ఆరు మాటలతోనే పని.

అష్టాచెమ్మానే ఎందుకు అంటే, దాంట్లో అదృష్టం సగం, ఎత్తు సగం. వైకుంఠపాళిలో ఆడేవాడు నిర్ణయించేది ఏమీ లేదు. ఎంత పడితే అంత, ఎక్కడ పడితే అక్కడ. ఆలోచించాల్సిన చోటు లేని ఆటలో వ్యాకరణాన్ని ఇరికించడానికి కూడా చోటు ఉండదు. పులిమేక దీనికి సరిగ్గా వ్యతిరేకం. మూడు పులులు, పదిహేను మేకలు, గవ్వలే లేవు, అంతా బుర్రే. మొదటిసారికి అది బరువైపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు

రెండో పీరియడ్‌లో గ్రూపులు చేసి ‘సంధులతో ఆట తయారు చేయండి’ అనగానే పదిలో తొమ్మిది గ్రూపులు ప్రశ్న కార్డుల ఆటే తెస్తాయి. ఈ గడిలో పడితే కార్డు తియ్యి, జవాబు చెప్పు, తప్పయితే రెండు గళ్లు వెనక్కి. అది ఆట కాదు, స్లిప్ టెస్టుకు రంగు కాగితం చుట్టడం. అందుకే ముందే ఒక షరతు పెట్టండి: ఆటలో ఎవరూ ఎవరినీ ప్రశ్న అడగకూడదు. వ్యాకరణం చేస్తేనే కాయ కదలాలి, లేదా చంపాలి, లేదా పండాలి.

ఈ షరతు వినగానే క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోతుంది. తొందరపడి మీరు నోరు విప్పకండి. ‘సంధి అంటే రెండు కలవడం కదా, అష్టాచెమ్మాలో రెండు కాయలు ఎప్పుడు కలుస్తాయి?’ అని మాత్రం అడగండి. చంపేటప్పుడు కలుస్తాయి. అక్కడ దారి దొరుకుతుంది.

ఒక ఆటను దగ్గరగా చూద్దాం

పిల్లల చేతికి ఖాళీ కాగితం ఇవ్వడం కంటే సగం కట్టిన ఆట ఇవ్వడం మేలు. కింద చెప్పినది అలాంటి సగం ఆట. దీన్ని ఇచ్చి, మిగతా సగం వాళ్లనే పూర్తి చేయమనండి.

ఇద్దరిద్దరు ఒక జట్టు, ఒక పటానికి రెండు జట్లు. జట్టుకు నాలుగు సీసా మూతలు. ఎనిమిది మూతల మీద ఎనిమిది పదాలు: ఆలయం, ఇంద్రుడు, ఈశ్వరుడు, ఉదయం, ఉపకారం, ఋషి, ఐశ్వర్యం, ఔషధం. అన్నీ అచ్చుతోనే మొదలవుతాయని గమనించారు కదా. ఇవి సంధిలో రెండో పదాలు. మొదటి పదాలు కార్డుల మీద ఉంటాయి: దేవ, మహా, పరమ, సూర్య, చంద్ర, అరుణ, కవి, ముని, గజ, రాజ, బ్రహ్మ, హిమ, అష్ట, దివ్య, పర, ప్రతి. ఒక్కో పదానికి రెండేసి కార్డులు. జట్టు చేతిలో ఎప్పుడూ నాలుగు కార్డులు ఉండాలి, ఒకటి వాడితే కట్టలోంచి ఇంకొకటి తీసుకోవాలి.

మామూలు అష్టాచెమ్మాలాగే ఆడతారు. తేడా ఒక్కటే. ఎదుటి కాయ ఉన్న గడిలోకి మన కాయ వచ్చినంత మాత్రాన అది చావదు. ఆ కాయ మీద ఉన్న పదంతో కలిసే కార్డు మన చేతిలో ఉండాలి. దాన్ని పక్కన పెట్టి, కలిపిన పదం పైకి చెప్పి, సంధి పేరు చెప్పాలి. ఎదుటి కాయ మీద ఉదయం అని ఉంది, మన చేతిలో సూర్య ఉంది. ‘సూర్యోదయం, గుణసంధి’ అంటే ఆ కాయ ఇంటికి పోతుంది. ‘సూర్యుదయం’ అంటే మన కాయే ఇంటికి. ఒక కాయనైనా చంపనిదే లోపలి చుట్టులోకి పోకూడదన్న పాత నియమాన్ని ఇక్కడ తప్పనిసరి చేయండి. అప్పుడు సంధి చెప్పకుండా గెలవడం ఎవరి వల్లా కాదు.

రెండు మూడు ఆటలు అయ్యేసరికి అసలు పని మొదలవుతుంది. ‘మహా’ కార్డు పడ్డవాడికి తిరుగులేదని ఎవరో ఒకరు పట్టేస్తారు. మహేంద్రుడు, మహేశ్వరుడు, మహోదయం, మహోపకారం, మహర్షి, మహైశ్వర్యం, మహౌషధం. ఏ కాయ మీద వేసినా చెల్లుతుంది. ‘ఇది అన్యాయం టీచర్, ఆ కార్డు తీసేద్దాం’ అంటారు. తీసేయనివ్వకండి. అన్నిటితో ఎందుకు కలుస్తోందో చెప్పి, అప్పుడు ఏం చేయాలో నిర్ణయించుకోమనండి. చివర ఆ ఉంది. ఇ, ఈ వస్తే ఏ అవుతోంది. ఉ వస్తే ఓ. ఋ వస్తే అర్. ఇదంతా గుణసంధి. ఐ, ఔలు వస్తే అవే మిగులుతున్నాయి, ఇది వృద్ధిసంధి. గుణసంధి, వృద్ధిసంధి సూత్రాలు పక్కపక్కన పెట్టి చెప్పడం మీకు తప్పుతుంది. పిల్లలు దానికి పరిష్కారం కూడా రకరకాలుగా చెబుతారు. మహా కార్డు ఒక్కటే ఉంచడం, మహాతో వరుసగా రెండుసార్లు ఒకే సంధి చెప్పకూడదనడం వంటివి. రెండోది మంచి నియమం. దాన్ని పాటించాలంటే గుణానికీ వృద్ధికీ తేడా ప్రతిసారీ గుర్తుంచుకోవాలి.

‘ప్రతి’ కార్డుది దీనికి వ్యతిరేకం. ప్రత్యుపకారం తప్ప ఇంకేదీ సరిగా దొరకదు. అప్పుడు ఇలాంటి వాదన వస్తుంది:

‘ప్రత్యుదయం.’

‘అలాంటి మాట ఎక్కడైనా విన్నావురా?’

‘ఇకారం తర్వాత ఉకారం వచ్చింది. యకారం రావాలి, వచ్చింది. రూల్ ప్రకారం కరెక్టే కదా టీచర్?’

కరెక్టే, కానీ అలా ఎవరూ అనరు. ‘ప్రతి ఉదయం’ అని విడిగానే అంటాం. యణాదేశ సంధి ఎలా జరుగుతుందో ఆ కుర్రాడికి పూర్తిగా అర్థమైందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అతన్ని తప్పు అనడం అన్యాయం, ఒప్పు అని ఊరుకోవడమూ సరికాదు. ఈ సందర్భానికి ఒక నియమం రాయమని రెండు జట్లకూ చెప్పండి. నాకు నచ్చిన నియమం ఇది: ‘కలిపిన తీరు సరైనదై, ఆ మాట వాడుకలో లేకపోతే ఎదుటి కాయ చావదు, మన కాయ ఇంటికి పోదు, రెండూ ఒకే గడిలో ఉంటాయి.’ వాడుకలో ఉందో లేదో తేల్చడానికి క్లాసులో ఒక నిఘంటువు అందుబాటులో ఉంచండి. నిఘంటువు తెరవమని బతిమాలే పని ఉండదు, కాయ చావకుండా ఉండటం కోసం వాళ్లే లాక్కుంటారు.

యణాదేశానికి ఈ ఎనిమిది కాయల్లో చోటు తక్కువ అని కూడా వాళ్లకే తెలుస్తుంది. రెండో పటానికి కొత్త మూతలు వాళ్లనే రాయమనండి. ఆశ, ఉత్తరం, ఏకం, ఆగతం పెడితే అతి, ప్రతి, సు అనే కార్డులకు పని దొరుకుతుంది: అత్యాశ, ప్రత్యుత్తరం, ప్రత్యేకం, స్వాగతం.

తెలుగు సంధులు చేరినప్పుడు

పైన చెప్పినవన్నీ సంస్కృత సంధులు. అవి లెక్కలాగా ఉంటాయి కాబట్టి ఆటకు సులువు. మొదటి పదం చివర అ, ఇ, ఉ ఉన్నప్పుడు జరిగే తెలుగు సంధులు, అంటే అత్వ, ఇత్వ, ఉత్వ సంధులు కలిపితే ఆట చిక్కనవుతుంది. ఇక్కడ కార్డుల రంగు అవసరం పడుతుంది. సంస్కృత పదాలు తెల్ల కార్డుల మీద, తెలుగు పదాలు పసుపు కార్డుల మీద రాయమనండి.

ఎందుకో ఒక జోడీతో చూపించండి. హిమ, ఆలయం కలిస్తే హిమాలయం. చింత, ఆకు కలిస్తే చింతాకు. రెండిట్లోనూ అ పక్కన ఆ ఉంది, రెండిట్లోనూ ఆ వచ్చింది. అయితే రెండూ సవర్ణదీర్ఘమేనా, అంటే ఒకే రకం అచ్చులు రెండు కలిసి దీర్ఘం అయ్యే సంధేనా? పిల్లలు అవునంటారు. అప్పుడు మేన, అత్త ఇచ్చి చూడండి. సవర్ణదీర్ఘమైతే ‘మేనాత్త’ కావాలి. ఎవరైనా అలా అంటారా? మేనత్త అంటాం. తెలుగు సంధిలో మొదటి పదం చివరి అచ్చు పోతుంది, రెండో పదం మొదటి అచ్చు ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది. చింతాకులో ఉన్న దీర్ఘం ఆకుది. రంగు చూసి సంధి పేరు చెప్పే అలవాటు ఇక్కడ మొదలవుతుంది. కొన్నాళ్లకు రంగు లేకుండానే చెబుతారు.

ఇంద్రుడు, రాముడు వంటి పదాలు ఏ రంగు అన్నది పెద్ద తగాదా. రెండో పదంగా వస్తే చూడాల్సింది మొదటి అక్షరం, ‘ఇ’, కాబట్టి దేవేంద్రుడు అనేటప్పుడు తెలుపు. మొదటి పదంగా వస్తే చూడాల్సింది చివరి ‘డు’లో ఉన్న ఉకారం, అది తెలుగు ప్రత్యయం. రాముడు, అతడు కలిస్తే రాముడతడు, ఉత్వసంధి, కాబట్టి పసుపు. కార్డుకు రెండు వైపులా రెండు రంగులు వేయడమే దీనికి తేలికైన మార్గం. ఇది మీరు చెప్పకుండా పిల్లలకే తట్టేదాకా ఆగగలిగితే ఆగండి.

నియమాల కాగితం

ఈ పద్ధతి మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వమనేది దీనికే. పటం ఎంత వికారంగా ఉన్నా ఫర్వాలేదు, నియమాల కాగితం మాత్రం ఒకటికి మూడుసార్లు తిరగరాయించండి.

ముందు పాఠ్యపుస్తకంలోని ఉత్వసంధి సూత్రం నల్లబల్ల మీద రాయండి: ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు. దీన్ని రెండు ముక్కలు చేయించండి. ‘ఉత్తునకచ్చు పరంబగునపుడు’, అంటే ఉ తర్వాత అచ్చు వచ్చినప్పుడు, అన్నది ఎప్పుడో చెబుతోంది. ‘సంధియగు’ అన్నది ఏం జరుగుతుందో చెబుతోంది. ఇప్పుడు వాళ్లు రాసుకున్న ఆట నియమం ఒకటి తీసి పక్కన రాయండి: ‘ఎదుటి కాయ ఉన్న గడిలోకి మన కాయ వచ్చినప్పుడు, కలిసే కార్డు వేస్తే, ఎదుటి కాయ ఇంటికి పోతుంది.’ అచ్చు అదే పోత. సూత్రం అంటే బట్టీ పట్టాల్సిన మంత్రమని ఇన్నాళ్లూ అనుకున్న పిల్లలకు అది కూడా ఒక నియమాల కాగితంలోని వాక్యమేనని ఇక్కడ తెలుస్తుంది. దాన్ని రాసినాయన కూడా తగాదాలు రాకుండా రాయడానికే తంటాలు పడ్డాడని చెప్పండి, నవ్వుతారు.

తర్వాత ప్రతి నియమం పక్కనా ఒక మాట రాయించండి: నిత్యం, వైకల్పికం, నిషేధం. తప్పక చేయాల్సినది నిత్యం. ఇష్టమైతే చేయదగినది వైకల్పికం. చేయకూడనిది నిషేధం. చంపే అవకాశం వస్తే చంపి తీరాలా, వదిలేయవచ్చా? కొట్టు గడిలో చంపవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు రాసేటప్పుడు ఆ మూడు మాటలూ చేతికి వచ్చేస్తాయి. ఆ తర్వాత అత్వసంధి ‘బహుళం’, అంటే ఒక్కోచోట ఒక్కోలా జరుగుతుంది, అన్నప్పుడు విడమరచడానికి ఎక్కువ కష్టపడక్కర్లేదు. మేనత్త అనవచ్చు, మేనయత్త అనవచ్చు, అది వైకల్పికం. అమ్మ, ఇచ్చెను కలిస్తే అమ్మయిచ్చెను తప్ప అమ్మిచ్చెను కాదు, అది నిషేధం. ఒక, ఒక కలిస్తే ఒకానొక అయింది, ఇది ఏ నియమానికీ అందలేదు, దాన్ని అన్యకార్యం అంటారు. ‘మా ఆటలో కూడా అన్యకార్యం గడి పెడతాం’ అని ఏదో ఒక గ్రూపు తప్పకుండా అంటుంది. పెట్టనివ్వండి.

ఆటలు మార్చి ఆడించడం

ఒక గ్రూపు చేసిన ఆటను పూర్తిగా ఇంకో గ్రూపుకు ఇవ్వాలి. చేసినవాళ్లు పక్కనే కూర్చోవాలి, కానీ నోరు విప్పకూడదు. సైగలు కూడా వద్దు. కాగితం మీద ఏం ఉందో అదే ఆట. ఆడేవాళ్లు ఎక్కడ ఆగారు, ఎక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఏ పదం దగ్గర గొడవపడ్డారు అన్నది చేసినవాళ్లు రాసుకోవాలి. నోరు కట్టేసుకుని తమ ఆటను వేరేవాళ్లు తప్పుగా ఆడటం చూస్తుంటే పిల్లలు విలవిల్లాడతారు. మరుసటి పీరియడ్‌లో వాళ్లు నియమాలు తిరగరాసే శ్రద్ధ అక్కడి నుంచే వస్తుంది.

తగాదాల కోసం క్లాసుకు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎడమ పేజీలో తగాదా, కుడి పేజీలో తీర్పు, ఆ తీర్పుకు ఆధారమైన సూత్రం. మీ దగ్గరకు పరుగెత్తుకొచ్చి ‘టీచర్, ఇది కరెక్టా?’ అంటే ‘పుస్తకంలో ఇంతకుముందు ఇలాంటిది వచ్చిందేమో చూడు’ అనండి. మీరే జడ్జి అయిపోతే ఆట మళ్లీ పరీక్ష అయిపోతుంది. పాఠ్యపుస్తకంలో స్పష్టంగా ఉన్నదానికి వ్యతిరేకంగా తీర్పు రాస్తే మాత్రం మీరు కలగజేసుకోవాలి, తప్పు తప్పే.

ఆరో తరగతికి: ఊరి పటం

సంధులు ఇంకా రాని పిల్లలకు విభక్తులతో ఆట మేలు. పటం మీద ఊరు గీయమనండి. గళ్లు వద్దు, చోట్లు, వాటి మధ్య దారులు చాలు: ఇల్లు, వాకిలి, పెరడు, నుయ్యి, ఏరు, పొలం, గుడి, చెట్టు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాయ జరపాలంటే వాక్యం చెప్పాలి. ‘ఇంటి నుంచి ఏటికి వెళ్లాను.’ ‘ఏటి నుంచి పొలానికి వెళ్లాను.’ ‘ఇల్లు నుంచి ఏరుకు’ అంటే కాయ కదలదు.

ఇల్లు ఇంటి అయింది, ఏరు ఏటి అయింది, నుయ్యి నూతి అయింది, పెరడు పెరటి అయింది. గుడి, చెట్టు మాత్రం మారలేదు. మారే చోట్లకు గేటు, మారని చోట్లకు ఖాళీ దారి గీయమనండి. పుస్తకంలో ఔపవిభక్తికాలు అన్న పేరు వచ్చేనాటికి ఆ పదాల జాబితా పిల్లల దగ్గర అప్పటికే ఉంటుంది, వాళ్లే గీసిన గేట్ల రూపంలో. మీ ఊళ్లో నుయ్యిని బావి అంటే బావే రాయండి, ఏరును వాగు అంటే వాగే రాయండి. అప్పుడు గేటు తీసేయాల్సి వస్తుంది, ఎందుకో వాళ్లనే అడగండి.

ఇదే ఆటలో రెండో మెట్టుకు మూడు పేర్లు, ఒక క్రియ ఇవ్వండి: తాత, కోతి, కర్ర, కొట్టు. ప్రత్యయాల చీట్లు విడిగా. ‘తాత కర్రతో కోతిని కొట్టాడు’ అని పేరిస్తే, ఎదుటివాళ్లు ‘ని/ను’ చీటీని మాత్రమే జరపవచ్చు. ‘తాతను కర్రతో కోతి కొట్టింది.’ క్లాసంతా గొల్లున నవ్వుతుంది. చీటీ జరగగానే కొట్టాడు అన్నది కొట్టింది ఎందుకైందో అడిగితే, కర్తకూ క్రియకూ ఉన్న సంబంధం ఆ నవ్వులోనే తేలిపోతుంది. కొఱకు, కై, పట్టి వంటి పుస్తకం ప్రత్యయాలను మొదట్లో పెట్టకండి. పిల్లలు రోజూ మాట్లాడే కోసం, నుంచి, మీద వంటివి ఆడాక, పుస్తకంలోవి వాటి పక్కన రాయించండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో వారాంతపు తెలుగు బడి నడిపేవాళ్లకు నేను సూచించేది కూడా ఊరి పటమే. అక్కడి పిల్లల నోట ‘ఇల్లులో ఉన్నాను’ అన్న మాట చాలాసార్లు వింటాం. వాళ్లకు సవర్ణదీర్ఘం తెలియకపోయినా కొంప మునగదు, ఇంట్లో అనడం రావాలి. నుయ్యి, పెరడు బదులు వాళ్లు చూసే చోట్లే పెట్టండి. ‘లైబ్రరీకి’, ‘పార్కుకు’ అనేటప్పుడు కి ఎక్కడ, కు ఎక్కడ అన్నదీ దాంతోపాటే వస్తుంది.

ఛందస్సుకు పరుగు పందెం

ఇది చాలా తేలిక కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పొడవాటి గళ్ల దారి గీయండి. పలకడానికి తక్కువ సమయం పట్టే లఘువుకు ఒక గడి, ఎక్కువ పట్టే గురువుకు రెండు గళ్లు. గవ్వలు లేవు. వంతు వచ్చినవాడు మూడక్షరాల పేరు ఒకటి చెప్పి, గురులఘువులు గుర్తించి, గణం పేరు, అంటే ఆ మూడక్షరాల గురులఘువుల వరుసకు ఉన్న పేరు, చెప్పి, అన్ని గళ్లు నడవాలి. ఒకసారి చెప్పిన గణం వెంటనే మళ్లీ చెప్పకూడదు. అమల న గణం, మూడు గళ్లు. సమీర జ గణం, నాలుగు. శారదా ర గణం, అయిదు. ఎక్కువ గళ్లు నడవాలన్న ఆశతో పిల్లలు మూడూ గురువులే ఉండే మ గణం కోసం వెతుకుతారు. ‘సావిత్రి’ దగ్గర తప్పకుండా తడబడతారు. సంయుక్తాక్షరమైన త్రి గురువు అనుకుంటారు, నిజానికి దాని ముందున్న ‘వి’ గురువు అవుతుంది, త్రి లఘువే. కాబట్టి త గణం, అయిదు గళ్లు. ‘సావిత్రీ’ అని దీర్ఘం తీసి పిలిస్తే మ గణం, ఆరు గళ్లు. ఒక గడి కోసం జరిగే ఆ వాదన తర్వాత ఆ నియమం ఎవరికీ మళ్లీ చెప్పనక్కర్లేదు.

మార్కులు, గోల, హెడ్మాస్టరు

ప్రాజెక్టు పనికి మార్కులు ఉన్నచోట వాటిని దీనికే వాడుకోండి. నియమాల కాగితం మొదటి ప్రతి, చివరి ప్రతి రెండూ తీసుకుని వాటి మధ్య తేడాకు మార్కులు వేయండి. పదాల జాబితాకు కొన్ని, తగాదా పుస్తకంలో రాసిన తీర్పుకు కొన్ని. పటం అందానికి ఒక్క మార్కు కూడా వద్దు. వేశారో, స్కెచ్ పెన్నులు కొనగలిగినవాళ్లు గెలుస్తారు, బొమ్మ గీసే పిల్ల ఒక్కతే పని చేస్తుంది, మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చుంటారు.

గ్రూపుకు నలుగురు మించకూడదు. నలభై మంది ఉన్న క్లాసులో పది పటాలు పడితే గోల గోలగా ఉంటుంది. పక్క క్లాసు టీచరుకు ముందే ఒక మాట చెప్పి, వీలైతే వరండాలోకో చెట్టు కిందకో వెళ్లండి. హెడ్మాస్టరు అడిగితే, జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు బ్యాగు లేకుండా ఉండాలని చెప్పడమే కాక, ఏడాది పొడవునా అలాంటి రోజులను ప్రోత్సహించమందని గుర్తు చేయవచ్చు. ఆయనకు తగాదా పుస్తకం చూపిస్తే ఇంకా త్వరగా ఒప్పుకుంటారు.

నోరు మెదపని పిల్లలను కార్డులు పట్టుకునే పనికి కుదించకండి. నియమాల కాగితం రాసే పని వాళ్లకు ఇవ్వండి. గ్రూపులో అందరూ అరుస్తున్నా చివరికి కాగితం మీద ఏ వాక్యం పడాలన్నది రాసేవాళ్ల చేతిలోనే ఉంటుంది, ఆ సంగతి వాళ్లకు త్వరగానే తెలుస్తుంది. గెలవాలన్న పట్టుదలతో మిగతావాళ్లను నోరెత్తనివ్వని పిల్లవాడు ఉంటే, ఆటలు మార్చి ఆడించే రోజున అతన్ని మౌనంగా కూర్చునే జట్టులో వేయండి.

పని అయిపోయాక ఒక్కో ఆటను ఒక్కో పాత పాలిథిన్ సంచిలో వేసి, మూతలు, కార్డులు ఎన్ని ఉండాలో సంచి మీద రాసి బీరువాలో పెట్టించండి. లేకపోతే వేసవి సెలవుల తర్వాత సగం మూతలు కనపడవు. వచ్చే ఏడాది పిల్లలకు కొత్త ఆట చేయమని చెప్పే ముందు ఈ సంచులు ఇచ్చి, పాతవాళ్ల నియమాల్లో తప్పులు పట్టమనండి. అన్నల, అక్కల తప్పులు పట్టడమంటే వాళ్లకు ఎంత ఉత్సాహమో చెప్పక్కర్లేదు. తగాదా పుస్తకం మాత్రం అదే కొనసాగించండి, కొత్త పేజీ నుంచి.